ఏ మీట నొక్కవలెను?



ఇటువంటి సభలలో పాఠశాల పుట్టుపూర్వోత్తరాలను స్మరించుకొనుట, డాక్టర్లయిన శిష్యులను, ఇంజనీర్లయిన శిష్యులను పేరుపేరునా కొనియాడుట పరిపాటి. ఆ పని చేయదగిన పెద్దలు ఈ వేదికపైననే ఉన్నారు. ఈ ప్రసంగం మాత్రం ఎవరూ శాలువా కప్పని ఒక ఉద్యోగాన్ని గురించినది. ఏదో ఒక ఆఫీసులో ఎవరి కంప్యూటరో మొరాయించినప్పుడు ఫోను మ్రోగుతుంది. ఆ ఫోను ఎత్తి, "చెప్పండి, తెర మీద ఏమి కనబడుతున్నది?" అని అడిగే ఉద్యోగం అది. హెల్ప్‌డెస్క్ అంటారు, ఐ.టి. సపోర్ట్ అంటారు. పెండ్లి సంబంధాల వేళ మాత్రం "సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు" అంటారు. వర్లి, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్ళలోని తెలుగు ఇండ్లలో ఈ పని చేస్తున్న బిడ్డలు తక్కువేమీ లేరు. ఆ బిడ్డ రాత్రి ఇంటికి వచ్చి అన్నం ముందు మాటాపలుకూ లేకుండా ఎందుకు కూర్చుంటున్నాడో తెలియక కలవరపడే తల్లిదండ్రులూ తక్కువేమీ లేరు.

అటువంటి ఒక పూర్వవిద్యార్థి కథ ఇది. అతడు ఇక్కడనే ఏడవ తరగతి వరకు తెలుగులో చదివి, తరువాత ఇంగ్లీషు మీడియములో తడబడి, నిలదొక్కుకొని, కంప్యూటరు కోర్సు ముగించి, లోయర్ పరేల్‌లో ఒక సంస్థవారి సహాయవిభాగంలో చేరినాడు. పేరు చెప్పవలసిన పని లేదు. అతని వంటివారు సభలో పదిమందియైనా ఉందురు.

అతని ఉదయం తొమ్మిది గంటలకు మొదటి పిలుపుతో తెల్లవారుతుంది. "తెర నల్లగా ఉన్నది, ఏమీ రావడం లేదు" అని ఒక ఉద్యోగిని. తీగ చూడమంటాడు, మీట చూడమంటాడు, వెనుకనున్న దీపం వెలుగుతున్నదా అని అడుగుతాడు. పావుగంట గడిచిన తరువాత తేలేదేమనగా, తెల్లవారుజామున గది ఊడ్చిన మనిషి గోడమీది స్విచ్చి కట్టివేసినాడు. రెండవ పిలుపు పాస్‌వర్డ్ పనిచేయడం లేదని. కారణం క్యాప్స్ లాక్. మూడవవాడు "ఇంటర్నెట్ మొత్తం పోయినది" అంటాడు. పోయినది ఇంటర్నెట్ కాదు, తెరమీద ఎప్పుడూ ఒకే చోట కనబడే బొమ్మ అర అంగుళం పక్కకు జరిగినది, అంతే. నాల్గవవారిని తెరమీది హెచ్చరికను పంపించమని కోరగా, వారు ఫోనుతో తెరను ఫోటో తీసి, ఆ ఫోటోను కాగితంపై అచ్చు తీయించి, ఆ కాగితాన్ని ప్యూను చేతికిచ్చి మూడు అంతస్తులు దింపినారు. ఇక అందరూ తప్పక చెప్పే మాట ఒకటి ఉన్నది. "ఏమీ చేయలేదు, దానంతటదే అయినది." ఈ మాట విననిదే ఆ వృత్తిలో ఒక్క దినమూ గడవదట.

"మొదట్లో నవ్వు వచ్చేది. తరువాత కోపం వచ్చేది. ఇప్పుడు ఏదీ రావడం లేదు" అని అతడు ఒకనాడు పాత ఉపాధ్యాయుల ఎదుట అన్నాడు. ఆ మూడవ మాటయే ఆలోచింపదగినది.

ఈ విసుగు ముంబయికో, మన పిల్లలకో పరిమితమైనది కాదు. 1994లో అమెరికాలోని వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక, కంప్యూటరు కంపెనీల సహాయకేంద్రాలకు వచ్చే విచిత్రమైన ఫోన్లను గురించి ఒక వార్త ప్రచురించినది. అప్పుడప్పుడే ఇండ్లలోనికి కంప్యూటర్లు వస్తున్న కాలం. ఒకాయన కాగితాన్ని తెరకెదురుగా పట్టుకొని పంపే మీట నొక్కి, ఫ్యాక్స్ వెళ్ళడం లేదని ఫిర్యాదు చేసినాడట. ఒకావిడ మౌస్ సరిగా కదలడం లేదన్నది. అది వచ్చిన సంచిని విప్పకుండానే వాడుతున్నది. అన్నింటిలోనికి ప్రసిద్ధమైనది మరొకటి. తెరమీద "ఏదైనా మీట నొక్కండి" అని ఇంగ్లీషులో వచ్చేది. ఆ "ఎనీ" అనే మీట కీబోర్డుపై ఎక్కడున్నది అని అడుగుతూ ఎందరో ఫోను చేయగా, కాంపాక్ కంపెనీవారు ఆ వాక్యాన్నే మార్చి "రిటర్న్ మీట నొక్కండి" అని పెట్టవలెనా అని యోచించినారట.

చదివినవారందరూ నవ్వినారు. ఇప్పటికీ నవ్వుతారు. కాని ఒక్క క్షణం ఆగి చూడవలసి ఉన్నది. ప్రతి మీటపైనా ఏదో ఒక పేరు వ్రాసి ఉన్న పలకను ఒక మనిషి ముందు పెట్టి "ఎనీ మీట నొక్కు" అన్నప్పుడు, ఆ పేరుగల మీటకోసం వెదకడం మూర్ఖత్వమా? వాక్యం వ్రాసినవానికి అర్థం తెలుసు గనుక, ఆ వాక్యానికి మరొక అర్థం ఉండగలదని అతనికి తోచలేదు. తరగతి గదిలో నలభై మంది పిల్లల ముందు నిలబడినవారికి ఇది కొత్త సంగతి కాదు. పిల్లవాని తప్పు జవాబును తీసివేసే ముందు ప్రశ్నను మరొకసారి చదువుకొనుట మంచిదని ఉపాధ్యాయ శిక్షణలో మొదటి నెలలోనే చెబుతారు. చెప్పినంత మాత్రాన అందరూ పాటిస్తారని కాదు.

ఈ మరపును కొలిచినవారు కూడ ఉన్నారు. 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు ఒక చిన్న ప్రయోగం చేసినది. కొందరు అందరికీ తెలిసిన పాటలను మనసులో అనుకొంటూ వాటి తాళాన్ని బల్లపై వ్రేలితో కొట్టవలెను. ఎదుటివారు అది ఏ పాటో చెప్పవలెను. కొట్టినవారు సగానికి సగం మంది కనుగొందురని ఊహించినారు. తీరా చూస్తే 120 పాటలలో ఎదుటివారు పట్టుకొన్నవి 3 మాత్రమే. కొట్టేవాని చెవిలో పాట మ్రోగుతూనే ఉంటుంది. వినేవానికి వినబడేది బల్లమీది టకటక మాత్రమే. "స్టార్ట్ మెనూకు వెళ్ళి సెట్టింగ్స్ తెరవండి" అని ఫోనులో చెప్పేవాని చెవిలోనూ పాట మ్రోగుతూనే ఉన్నది.

ఇక్కడ వర్లిని గురించి కొంత చెప్పుకొనవలెను. బొంబాయి దీవులను కలుపుతూ సముద్రానికి అడ్డుకట్టలు వేసిన నాటి నుండి తెలుగువారి చేతులు ఈ నగరం నిర్మాణంలో ఉన్నవి. మహాలక్ష్మికి, వర్లికి నడుమనున్న గండిని పూడ్చిన హార్న్‌బీ కట్ట 1784 నాటిది. అట్లు ఆరిన పల్లపు నేలమీద వెలసిన పేటలలో, నైజాం ప్రాంతం నుండి వచ్చిన కామాఠీ కూలీల పేరు మోసినది కామాఠీపుర. ఆ తరువాత నూలు మిల్లులు వచ్చినవి, కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుండి పద్మశాలీలు మగ్గం నైపుణ్యాన్ని మూట కట్టుకొని వచ్చినారు. 1920ల తొలి సంవత్సరాలలో ప్రభుత్వ అభివృద్ధి శాఖ వర్లిలో కట్టిన బి.డి.డి. చాళ్ళు 121, ఒక్కొక్క దానిలో 80 గదులు, ఒక్కొక్క గది 160 చదరపుటడుగులు. అందులోనూ, చుట్టుపట్ల ఉన్న ఇతర చాళ్ళలోనూ తెలుగు గదులు ఉండినవి.

ఆ మిల్లులలో కూడ ఒక సహాయవిభాగం ఉండేది. సాంచా ఆగిపోయినప్పుడు నేతగాడు జాబరును పిలిచేవాడు, జాబరు ఫిట్టరును పిలిచేవాడు. నేతకు కూలి నేసిన గుడ్డను బట్టి. సాంచా ఆగిన ప్రతి నిమిషమూ నేతగాని కడుపు మీదనే పడేది. ఫిట్టరు విసుక్కొంటూ వచ్చేవాడు, "ఏం చేసినావు?" అని అడిగేవాడు. "ఏం చేయలేదు, దానంతటదే ఆగింది" అని నేతగాడు అనేవాడు. నూరేండ్లలో మారని సంభాషణ ఇది. అయితే ఒక భేదం ఉన్నది. ఆ నేతగానికి సాంచా భాష తెలియును. పడుగు తెగినదా, నాడె చిక్కినదా అనునది చప్పుడును బట్టి చెప్పగలడు. ఫిట్టరు వాని మాట వినక తప్పేది కాదు. నేటి ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్నవానికి లోపలి చప్పుడు వినబడదు. అది పనిచేసినప్పుడూ నిశ్శబ్దమే, ఆగినప్పుడూ నిశ్శబ్దమే. ఇక అతడు ఏ మాటలతో చెప్పుకొనవలెను?

1982 జనవరి 18న మొదలైన సమ్మెతో ఆ సాంచాలు కూడ నిశ్శబ్దమైనవి. సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్న ఆ సమ్మె సంగతి ఈ సభలోని పెద్దలకు ఎవరూ చెప్పనవసరం లేదు. మిల్లుల ఆవరణలలో తరువాతి కాలంలో అద్దాల మేడలు లేచినవి. మన పూర్వవిద్యార్థి పనిచేసే ఆఫీసు కూడ అటువంటి ఒక పాత మిల్లు ఆవరణలోనిదే. అతని తండ్రి సమ్మెనాటికి ఇరవై ఏండ్ల బదిలీ కార్మికుడు. పని పోయిన తరువాత భివండి సాంచాలపై కొన్నేండ్లు, ఆపైన ఒక భవంతిలో వాచ్‌మనుగా కొన్నేండ్లు గడిపినాడు.

ఆ తండ్రి కూడ ఇదే పాఠశాలలో ఏడవ తరగతి వరకు చదివినవాడు. చదివే రోజులలో, సాయంత్రం ఆరు గంటలు కాగానే వారి చాలు వరండాలో అతని చుట్టూ జనం చేరేవారు. అక్షరం రాని మామలు, బాపులు, నెలకొకసారి ఊరికి జాబు వ్రాయించుకొనేవారు. బోరీబందర్ పెద్ద తపాలాఫీసు ఎదుట గొడుగు క్రింద కూర్చుని జాబులు వ్రాసిపెట్టేవారు ఉండేవారు గాని, వారు డబ్బు తీసుకొనేవారు. పైగా వారికి తెలుగు రాదు. అందుచేత మనియార్డరు ఫారము కూడ పిల్లవాడే నింపవలెను. ఒక ముసలాయన జాబులో వ్రాయవలసినది చెప్పమంటే, వ్రాయవలసినది తప్ప తక్కినదంతా చెప్పేవాడట. బర్రె సంగతి, బావి సంగతి, తమ్మునితో తగాదా సంగతి. పిల్లవాడు అంతా విని, ఇన్లాండు కవరులో పట్టేంత వ్రాసి, చదివి వినిపించేవాడు. ముసలాయన "గది కాదు బిడ్డా" అనేవాడు. మళ్ళీ వ్రాసేవాడు. అక్షరం రానివాడని ఆ పెద్దలను అతడు ఎన్నడూ తక్కువగా చూడలేదు. అక్షరం రాకపోవడం ఆనాడు చాలులో అందరికీ ఉన్న సంగతే గదా, సిగ్గుపడవలసిన పని ఎవరికి?

పాత పద్ధతి మనియార్డరును తపాలా శాఖ 2015లో నిలిపివేసినది. టెలిగ్రాము అంతకు రెండేండ్ల ముందే పోయినది. జాబులు వ్రాయించుకొనేవారూ లేరు, వ్రాసే పిల్లలూ లేరు. కాని నింపవలసిన ఫారములు తగ్గలేదు. అవి చేతిలోని ఫోనులోనికి చేరినవి. పింఛను, రేషను, బ్యాంకు, కరెంటు బిల్లు, చివరకు ఆసుపత్రి చీటీ కూడ. జీవితమంతా చేతితో పనిచేసిన మనిషి అరవై దాటిన తరువాత మళ్ళీ అక్షరం రానివాడు అయినాడు. ఈ మారు పక్కింటివారికి అందరికీ వచ్చును, తనకు ఒక్కనికే రాదు అనే బాధ తోడయినది.

సహాయవిభాగంలోని పిల్లలను తప్పుపట్టుట ఈ ప్రసంగం ఉద్దేశం కాదు. వారి పని నిజముగా కఠినమైనది. ప్రతి పిలుపుకూ ఒక టికెట్ నంబరు పడుతుంది. ఎన్ని నిమిషాలలో ముగించినారు, ఎన్ని తెరచి ఉంచినారు అనునది పైవారు లెక్క చూస్తారు. నెమ్మదిగా నేర్పితే ఆ టికెట్‌కు సమయం మించుతుంది. తానే దూరం నుండి ఆ కంప్యూటరులోనికి ప్రవేశించి రెండు నిమిషాలలో సరిచేసి వేస్తే లెక్క బాగుంటుంది, కాని అదే మనిషి వచ్చే వారం అదే ప్రశ్నతో మళ్ళీ ఫోను చేస్తాడు. నేర్పినవానికి శిక్ష, నేర్పనివానికి మెప్పు. ఇక ఫోను చేసేవారందరూ అమాయకులూ కారు. తెరమీద ఇంత పెద్ద అక్షరాలతో కారణం వ్రాసి ఉన్నను చదువనివారు ఉన్నారు. తెలియకపోవుట వేరు, తెలుసుకొననని భీష్మించుట వేరు. సహాయం అడుగుతూనే "ఏయ్, తొందరగా చూడు" అని నౌకరును అదలించినట్లు మాట్లాడే అధికారులూ ఉన్నారు. వారి విషయంలో ఆ పిల్లల కోపాన్ని ఎవరూ కాదనలేరు.

ఆ వృత్తిలోనివారు తమలో తాము ఒక పరిహాసం చెప్పుకొంటారు. "లోపం కుర్చీకీ కీబోర్డుకూ నడుమ ఉన్నది" అని. అక్కడ ఉన్నది మనిషి గదా. నవ్వుకొనుటకు బాగున్నది గాని, ఎన్నోసార్లు లోపం అక్కడ లేదని తరువాత తేలినది. పాస్‌వర్డుల సంగతే చూడండి. చిన్న అక్షరం, పెద్ద అక్షరం, అంకె, గుర్తు అన్నీ కలిపి పెట్టవలెను, మూడు నెలలకొకసారి మార్చవలెను అనే నియమం వలన మరచిపోని మనిషి లేడు. మరచిపోయినందుకు తిట్లు తినని మనిషి లేడు. ఆ నియమాలకు మూలం అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ 2003లో తయారుచేసిన మార్గదర్శకాలు. వాటిని వ్రాసిన బిల్ బర్ అనే ఆయన, పదవీ విరమణ చేసిన తరువాత 2017లో, తాను చెప్పినదానిలో చాలా భాగానికి ఇప్పుడు చింతిస్తున్నానని పత్రికకు చెప్పినాడు. ఊరకే గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించవద్దని ఆ సంస్థయే అదే సంవత్సరం మార్గదర్శకాలను సవరించినది. ఇంతకాలం మరచిపోయినందుకు సిగ్గుపడినవారికి మాత్రం ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

మరొక సంగతి మన తెలుగువారికి చెందినది. 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతటా ఐఫోన్లు ఉన్నట్టుండి కుప్పకూలినవి. సందేశంలో ఒక తెలుగు అక్షరం వస్తే చాలు, ఆ సందేశం తెరచిన యాప్ మూతపడేది, మళ్ళీ తెరచుకొనేది కాదు. ఆ అక్షరం "జ్ఞా". జ, ఞ కలిసిన సంయుక్తాక్షరానికి దీర్ఘం చేరుతూ, నడుమ కంటికి కనబడని ఒక గుర్తు ఉన్నప్పుడు, దానిని తెరపై ఎట్లు గీయవలెనో ఆ యంత్రానికి తెలియలేదు. ఆపిల్ కంపెనీవారు ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసినారు. ఒకటవ తరగతి పిల్లలతో సంయుక్తాక్షరాలు దిద్దించి అలసిపోయిన ఉపాధ్యాయినులకు ఈ వార్త కొంత ఊరట కలిగించి ఉండవలెను. జ్ఞానంలోని మొదటి అక్షరాన్ని చూసి అంత ఖరీదైన యంత్రం మూర్ఛపోయినది. దానిని ఎవరూ మందబుద్ధి అనలేదు, సవరణ పంపినారు.

ఉపాధ్యాయులు కూడ ఈ విషయంలో గర్వించదగినంత లేదు. 2020లో బడులు మూతపడి ఫోనులోనే పాఠాలు చెప్పవలసి వచ్చినప్పుడు, ముప్పై ఏండ్ల అనుభవం ఉన్న టీచర్లు అరగంట పాఠం చెప్పిన తరువాత, "టీచర్, మీ మైకు మూసి ఉన్నది" అని మూడవ తరగతి పిల్ల వ్రాసి పంపగా తెలుసుకొన్న ఉదంతాలు ముంబయిలో ఏ బడిలోనైనా దొరకును. ఆ పిల్ల ఎంత మర్యాదగా చెప్పినదో ఆ టీచర్లు నేటికీ మరచిపోలేదు.

ఇప్పుడు తండ్రి కథకు రావలెను. కొడుకు రోజంతా ఆఫీసులో ముప్పై, నలభై మందికి జవాబు చెప్పి ఇంటికి వచ్చేవాడు. తండ్రి ఫోను పట్టుకొని, "బిడ్డా, గిది జర చూడు, గుండ్రం గుండ్రం తిరుగుతున్నది" అనేవాడు. "బాపూ, నిన్ననే చెప్పిన గదా" అని కొడుకు ఫోను లాక్కొని, నాలుగుసార్లు వ్రేలు ఆడించి తిరిగి ఇచ్చేవాడు. ఆ వ్రేలు ఎక్కడెక్కడ ఆడినదో తండ్రికి కనబడేది కాదు. కొన్ని రోజులకు తండ్రి అడుగుట మానినాడు. నేర్చుకొన్నాడు కాబోలునని కొడుకు సంతోషించినాడు. అడగనిదే అమ్మయినా పెట్టదందురు. అడిగినప్పుడల్లా విసుగు ఎదురైతే అడిగే నోరు మూతపడునని ఆ సామెతలో లేదు.

ఒకనాడు మధ్యాహ్నం తండ్రికి ఫోను వచ్చినది. బ్యాంకు నుండి అని చెప్పిన ఆ మనిషి, కె.వై.సి. పూర్తికాలేదు, సాయంత్రానికి ఖాతా ఆగిపోవును అన్నాడు. ఒక యాప్ దింపుకొనుమన్నాడు. దూరం నుండి మరొకరి తెర చూచి సరిచేయుటకు సహాయవిభాగాలవారు వాడే యాప్‌ల వంటిదే అది. అటువంటి ఒక యాప్‌ను దొంగలు వాడుకొంటున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించి ఉన్నది. ఆ హెచ్చరిక వర్లి చాలు మూడవ అంతస్తు వరకు ఎక్కి రాలేదు. తండ్రికి ఆ యాప్ దింపుకొనుట రాలేదు. అప్పుడు ఆ మనిషి, "తొందర లేదు అంకుల్, నెమ్మదిగా చేయండి, నేను లైనులోనే ఉంటాను" అన్నాడు. ఎక్కడ నొక్కవలెనో రంగు చెప్పి, ఆకారం చెప్పి, తప్పు నొక్కితే "పరవాలేదు అంకుల్, వెనుకకు వెళ్ళండి" అని చెప్పి, నలభై నిమిషాలు ఓపికగా నేర్పినాడు. నలభై నిమిషాల చివర ఖాతాలోని డబ్బు పోయినది. వాచ్‌మను ఉద్యోగం విడిచిన నాడు చేతికి వచ్చిన డబ్బులో మిగిలినదంతా అదే.

తండ్రి రెండు రోజులు ఎవరితోనూ చెప్పలేదు. మోసం జరిగిన వెంటనే 1930కి ఫోను చేస్తే డబ్బు ఇంకొక ఖాతాకు పాకకముందే పట్టి ఆపే అవకాశం ఉన్నది. ఆ అవకాశం గంటలలోనే కరగిపోవును. రెండు రోజుల తరువాత చేసిన ఫిర్యాదుకు నంబరు దొరికినది గాని డబ్బు దొరకలేదు.

"నన్నెందుకు అడగలేదు బాపూ?" అని కొడుకు అడిగినాడు.

"ఆఫీసుల అందరికి చెప్పి చెప్పి అలిసి వస్తవు గద బిడ్డా. ఆయన మంచిగ చెప్పిండు."

కొడుకు ఈ మాటను పాత ఉపాధ్యాయులకు చెప్పినప్పుడు కొంతసేపు ఏమీ అనలేకపోయినాడు. ఆ దొంగ కూడ ఎక్కడో ఒక బల్ల ముందు, చెవికి ఫోను తగిలించుకొని, అదే మాటలతో అదే పని చేసేవాడు. తెలియనివాని వేగంతో నడవవలెనని వానికి తెలియును. వానికి దానిలో లాభం ఉన్నది, అందుకని నేర్చినాడు. లాభం లేనిచోట ఆ ఓపిక ఎక్కడినుండి రావలెననునది ఇండ్లలోనివారు, ఆఫీసులవారు ఆలోచించవలసిన ప్రశ్న. చాలు వరండాలో జాబులు వ్రాసిన పిల్లవానికి అది ఎక్కడినుండి వచ్చినదో అడిగితే, "అప్పుడు పని లేకుండె" అని తండ్రి నవ్వి ఊరుకొన్నాడు.

ఆ తరువాత ఆదివారం నాడు తండ్రీకొడుకులు ఒక ఒప్పందం చేసుకొన్నారు. కొడుకు ఫోనును ముట్టరాదు. చేతులు వెనుకకు కట్టుకొని కూర్చొనవలెను. తండ్రి తానే నొక్కవలెను, తప్పితే తానే వెనుకకు రావలెను, చేసినది తానే నోటుబుక్కులో తన మాటలతో వ్రాసుకొనవలెను. మొదటి ఆదివారం కరెంటు బిల్లు కట్టుటకు గంటన్నర పట్టినది. చేతులు వెనుక కట్టుకొని గంటన్నర కూర్చొనుట ఆఫీసులో నలభై పిలుపుల కంటె కష్టమైనదని కొడుకు అన్నాడు. మూడవ ఆదివారం పక్క గదిలోని ఇద్దరు పెద్దలు తమ ఫోనులతో వచ్చి కూర్చున్నారు. వారికి చెప్పినది కొడుకు కాదు, తండ్రి. నోటుబుక్కు చూసి చెప్పినాడు.

ఆ పుస్తకంలోని దస్తూరి ఈ బడిలో దిద్దించినదే. గుండ్రంగా, విడివిడిగా, తలకట్లు తప్పకుండా ఉన్నది. అందులో పిన్ను నంబరు ఎవరు అడిగినా చెప్పవద్దని వ్రాసుకొన్నాడు. డబ్బు రావడానికి పిన్ను కొట్టనక్కర లేదు, పోవడానికే కొట్టవలెను అని ఎర్ర సిరాతో వ్రాసుకొన్నాడు. మొదటి పుటలో మొట్టమొదటి వాక్యం మాత్రం ఇది: "గుండ్రంగ తిరిగేది ఆగేదాక ఏం ఒత్తద్దు. అది పని చేస్తున్నది."

కొడుకు ఆఫీసులో ఉద్యోగులకిచ్చే సూచనల పత్రం ఒకటి ఉన్నది. అందులో ఇదే సంగతి ఇంగ్లీషులో మూడు పంక్తులలో, ప్రక్రియ, అభ్యర్థన, ప్రతిస్పందన వంటి మాటలతో ఉండేది. ఎవరూ చదివేవారు కాదు. తిరుగుతున్నదానిపై పదేపదే నొక్కి, అంతా స్తంభించిన తరువాత ఫోను చేసేవారు. ఆ మూడు పంక్తులను తీసివేసి, తండ్రి వ్రాసిన రెండు వాక్యాలను ఇంగ్లీషు, హిందీ, మరాఠీలలోనికి మార్చి పెట్టవలెనని అతడు పైవారిని అడిగినాడు. మరీ పసిపిల్లలకు చెప్పినట్లున్నదని వారు ఒక నెల ఆలోచించినారు. తరువాత ఒప్పుకొన్నారు.